స్క్రీన్ రికార్డింగ్‌తో పాఠం చెప్పడం: టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కంప్యూటర్ తెర మీదో ఫోన్ తెర మీదో జరుగుతున్నదాన్ని మన గొంతుతో సహా వీడియోగా తీసి పెట్టుకోవడమే స్క్రీన్ రికార్డింగ్. నేను కంప్యూటర్ క్లాసుల కోసం మొదలుపెట్టి, తర్వాత లెక్కలకీ, వ్యాసాలు దిద్దడానికీ కూడా వాడుతున్నాను. తోటి టీచర్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలే ఇవి. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన దగ్గరికి వెళ్లిపోండి. పిల్లల చేత రికార్డ్ చేయించడం గురించి రాసింది మాత్రం వదలొద్దు, ఈ పనిలో అన్నిటికన్నా విలువైనది నాకు అదే అనిపించింది.

క్లాసులో ఎదురుగా నిలబడి చెబుతూనే ఉన్నాను కదా, మళ్లీ ఇదెందుకు?

ఎదురుగా చెప్పింది ఒక్కసారే జరుగుతుంది. స్ప్రెడ్‌షీట్‌లో ఫార్ములా రాయడం చూపిస్తున్నామనుకోండి, మనం ఐదో మెట్టుకి వచ్చేసరికి కొందరు రెండో మెట్టు దగ్గరే ఆగిపోయి ఉంటారు, ఏ గడి మీద నొక్కామో చూసేలోపే తెర మారిపోతుంది, చెయ్యెత్తి మళ్లీ చూపించమని అడగడానికేమో మొహమాటం. రికార్డింగ్ ఉంటే ఆ పిల్లవాడు ఆపుకుంటాడు, పది సెకన్లు వెనక్కి వెళ్తాడు, ఎవరికీ తెలియకుండా నాలుగుసార్లు చూసుకుంటాడు.

ఖాన్ అకాడమీ పెట్టిన సాల్మన్ ఖాన్ (సినిమా నటుడు కాదు) 2004లో దూరాన ఉన్న బంధువులమ్మాయి నాదియాకి లెక్కలు చెప్పడం మొదలుపెట్టి, 2006 నుంచి అలాంటి పాఠాలు యూట్యూబ్‌లో పెట్టడం మొదలుపెట్టాడు. నల్లటి తెర, దాని మీద రంగు గీతలు, వెనక గొంతు, అంతే. నేరుగా చెప్పించుకోవడం కన్నా వీడియోలే నయమని తన బంధువుల పిల్లలే తనతో అన్నారని ఆయన తర్వాత చెప్పాడు. టీచర్‌గా వింటే మనసు కొంచెం చివుక్కుమంటుంది గానీ అందులో నిజం ఉంది. వీడియో "అర్థమైందా?" అని అడగదు, కాబట్టి అర్థం కాలేదని ఎవరి ముందూ ఒప్పుకోవాల్సిన పని లేదు.

అయితే రోజూ క్లాసు మొత్తం రికార్డ్ చేసి పెడితే సరిపోతుందా?

రాలేకపోయిన పిల్లలకి కొంత పనికొస్తుంది, మిగతావాళ్లు చూడరు. హాజరు పిలవడం, పుస్తకాలు తీయమనడం, ఒకరిద్దరిని సర్ది కూర్చోబెట్టడం అన్నీ అందులోకి వస్తాయి, కావలసిన రెండు నిమిషాల కోసం అదంతా ఎవరు వెతుక్కుంటారు?

అమెరికాలోని కొలరాడోలో జొనాథన్ బర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే కెమిస్ట్రీ టీచర్లు 2007లో రికార్డింగ్ మొదలుపెట్టింది కూడా క్లాసుకి రాలేని పిల్లల కోసమే. వచ్చిన పిల్లలు కూడా అవి చూడటం గమనించాక పద్ధతే మార్చేశారు, వివరణ ఇంటి దగ్గర వీడియోలో, అభ్యాసం క్లాసులో టీచర్ పక్కన ఉండగా. ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ అన్న మాట అలా ప్రచారంలోకి వచ్చింది.

మీరు అంత దూరం వెళ్లక్కర్లేదు. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే, ఒకే ప్రశ్న రెండో పిల్లవాడి నోట కూడా వస్తే అది రికార్డ్ చేయాల్సిన విషయం. భిన్నాలు కూడేటప్పుడు హారాలు ఎందుకు సమానం చేయాలి, సేవ్ చేసిన ఫైల్ ఎక్కడికి పోయింది, గ్రాఫ్ మీద వాలు ఎలా కొలవాలి, ఇలాంటివి. టేబుల్ మీద ఒక కాగితం పెట్టుకుని అడిగినప్పుడల్లా రాసుకోండి, రెండు వారాల్లో ఏ వీడియోలు కావాలో మీ పిల్లలే చెప్పేసి ఉంటారు.

ఒక వీడియో ఎంతసేపు ఉండాలి?

ఫిలిప్ గువో, ఆయనతో పాటు పనిచేసినవాళ్లు 2014లో ఎడెక్స్ కోర్సుల్లోని 69 లక్షల వీక్షణలు పరిశీలించారు, ఆరు నిమిషాల లోపు వీడియోలనే జనం చివరి దాకా చూస్తున్నారని తేలింది. అప్పటి నుంచి ఆరు నిమిషాలన్నది ఒక సూత్రంలా తిరుగుతోంది. కానీ వాళ్లు కొలిచింది ఎంతసేపు చూశారన్నదాన్ని, ఎంత నేర్చుకున్నారన్నది వేరే సంగతి, పైగా అవి పెద్దవాళ్లు చేరే ఆన్‌లైన్ కోర్సులు. అందుకని నేను గడియారం చూసుకోను, ఒక వీడియోలో ఒక చిక్కు మాత్రమే విప్పుతాను. అలా చేస్తే మామూలుగా రెండు నుంచి ఐదు నిమిషాల్లో అయిపోతుంది. పది నిమిషాలు దాటుతోందంటే అందులో రెండు విషయాలు కలిసిపోయాయని అర్థం, విడగొట్టండి.

ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?

ముందే ఏదీ కొనకండి, మీ దగ్గర ఉన్నదాంట్లోనే ఉంటుంది. విండోస్ 11లో స్నిప్పింగ్ టూల్‌తో వీడియో కూడా తీయొచ్చు. విండోస్ 10లోనూ 11లోనూ విండోస్ కీ, జీ కలిపి నొక్కితే గేమ్ బార్ వస్తుంది, పేరు ఆటలది అయినా పాఠాలకీ పనిచేస్తుంది, కాకపోతే అది ఒక ప్రోగ్రామ్ విండోని మాత్రమే తీస్తుంది, డెస్క్‌టాప్‌నీ ఫోల్డర్లనీ తీయదు. ఫైళ్లు ఎలా సర్దుకోవాలో చూపించాలంటే దానితో కుదరదు. మ్యాక్‌లో షిఫ్ట్, కమాండ్, 5 కలిపి నొక్కండి. ఆండ్రాయిడ్ 11 నుంచీ, ఐఓఎస్ 11 నుంచీ ఫోన్లలో, ట్యాబ్‌లలో రికార్డర్ దానితో పాటే వస్తోంది. ఐప్యాడ్‌లో రికార్డ్ బటన్‌ని కాసేపు నొక్కి పట్టుకుంటేనే మైక్ ఆన్ చేసే వీలు కనిపిస్తుంది, ఇది తెలియక గొంతు లేని వీడియోలు తీసినవాళ్లు చాలామంది.

ఇవి చాలనప్పుడు ఓబీఎస్ స్టూడియో ఉంది, పూర్తిగా ఉచితం, తెరనీ కెమెరానీ కలిపి చూపించొచ్చు. మొదటిసారి తెరిస్తే కంగారు పెడుతుంది, ఓ గంట కేటాయించుకోండి. అందులో ఫైల్‌ని ఎమ్‌కేవీ రకంలో తీయడం మంచిది, మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా తీసింది మిగులుతుంది. మామూలు ఎమ్‌పీ4 అయితే మధ్యలో ఆగిపోయిన ఫైల్ తెరుచుకోకపోవచ్చు. ఎమ్‌కేవీని తర్వాత ఓబీఎస్‌లోనే ఎమ్‌పీ4గా మార్చుకోవచ్చు.

నా గొంతు బాగా రావడం లేదు, ఏం చేయాలి?

బొమ్మ కొంచెం మసకగా ఉన్నా పిల్లలు సర్దుకుంటారు, మాట వినపడకపోతే అర నిమిషంలో మూసేస్తారు. కాబట్టి ఏదైనా కొనాలనిపిస్తే ముందు మైక్ కొనండి, వైరుతో ఉన్న మామూలు హెడ్‌సెట్ చాలు. ల్యాప్‌టాప్‌లో ఉండే మైక్ గదిలోని మోతనీ, ఫ్యాన్ చప్పుడునీ, కీబోర్డు టకటకలనీ కూడా పట్టేస్తుంది. బ్లూటూత్ హెడ్‌సెట్ మైక్ వాడితే చాలావాటిలో గొంతు పాత టెలిఫోన్‌లోంచి వచ్చినట్టు ఉంటుంది, మైక్ ఆన్ కాగానే అవి తక్కువ నాణ్యత ఉన్న పద్ధతికి మారిపోతాయి, లోపం మీ గొంతులో లేదు.

పుస్తకాలు, కర్టెన్లు, బట్టలు ఉన్న గదిలో మోత తగ్గుతుంది. మైక్‌ని నోటికి సూటిగా కాకుండా కొంచెం పక్కకి పెట్టుకుంటే ఊపిరి తగిలే చప్పుడు రాదు. అన్నిటికన్నా ముఖ్యం, పది సెకన్లు రికార్డ్ చేసి, విని, ఆ తర్వాతే అసలు పాఠం మొదలుపెట్టండి. ఇరవై నిమిషాలు శ్రద్ధగా చెప్పాక మైక్ ఆఫ్‌లో ఉందని తెలుసుకున్న సాయంత్రం నాకు ఇంకా గుర్తుంది, ఆ పాఠం మళ్లీ అంత బాగా రాలేదు.

ముందే మొత్తం రాసుకుని చదవాలా?

వద్దు. రాసింది చదివితే చదివినట్టే వినిపిస్తుంది. ఏ ఉదాహరణతో మొదలుపెట్టాలి, మధ్యలో ఏ తప్పు గురించి హెచ్చరించాలి, ఎక్కడ ఆపాలి, ఈ మూడూ కాగితం మీద రాసుకుంటే చాలు.

తడబాటుని చూసి భయపడొద్దు. లెక్క చేస్తూ గుర్తు తప్పుగా వేసి, రెండు మెట్ల తర్వాత "ఆగండి, ఇది సున్నా కన్నా తక్కువ వచ్చింది, పొడవు అలా ఉండదు కదా, ఎక్కడ పొరపాటు జరిగింది?" అని వెనక్కి వెళ్లి దిద్దుకున్న వీడియోని నేను తీసేద్దామనుకుని, తీసేయకుండా పెట్టాను. పిల్లలు ఎక్కువ మాట్లాడుకున్నది దాని గురించే. పుస్తకంలో లెక్క ఎప్పుడూ సాఫీగా సాగిపోతుంది, జవాబు తేడాగా ఉందని ఎలా పసిగట్టాలో పుస్తకం చూపించదు. తెర మీద ఒక మనిషి ఆలోచించడం చూపించగలగడమే స్క్రీన్ రికార్డింగ్ బలం, దాన్ని మనమే కత్తిరించి పారేయకూడదు. తప్పు చెప్పి, దిద్దుకోకుండా వదిలేసిన వీడియో సంగతి వేరు, అది వెంటనే తీసేయాలి.

నా మొహం కనిపించాలా?

మొదట్లో ఒక పది సెకన్లు కనిపించి పలకరిస్తే పిల్లలకి దగ్గరగా అనిపిస్తుంది, తర్వాత తీసేయండి. మూలన చిన్న గడిలో మొహం కదులుతూ ఉంటే కళ్లు అటే పోతాయి, పైగా కొన్నిసార్లు చూడాల్సిన అంకె సరిగ్గా దాని కిందే ఉండిపోతుంది. కెమెరా అంటే మీకు టెన్షన్ అయితే అసలు వద్దు, గొంతు చాలు.

అక్షరాలు కనపడటం లేదని పిల్లలు అంటున్నారు

చాలామంది మీ వీడియోని ఫోన్‌లో చూస్తారు, మీరు తీసేదేమో పెద్ద తెర మీద. అందుకని రికార్డ్ చేసే ముందు అక్షరాల సైజు మీకు ఇబ్బందిగా అనిపించేంత పెంచండి, బ్రౌజర్‌లో అయితే కంట్రోల్, ప్లస్ నొక్కితే చాలు. తీశాక మీ ఫోన్‌లో ఒకసారి చూడండి. మౌస్ బాణాన్ని పెద్దది చేసి రంగు మార్చండి, విండోస్‌లో సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. బాణాన్ని ఊరికే తిప్పే అలవాటు మానుకోవాలి, చూపించాల్సినప్పుడు కదపండి, లేనప్పుడు వదిలేయండి.

ఇంకొకటి, స్లైడ్ మీద పేరా మొత్తం పెట్టి దాన్నే పైకి చదవొద్దు. రిచర్డ్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మల్టీమీడియా పాఠాల మీద ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాల్లో, బొమ్మా గొంతూ ఉన్న పాఠానికి అవే మాటల్ని అక్షరాల్లో కూడా కలిపితే నేర్చుకునేది తగ్గుతుందని చూపించాడు. తెర మీద బొమ్మ, గ్రాఫ్, లెక్క ఉండాలి, మాటలు మీ నోట్లో ఉండాలి.

ఎడిటింగ్ నేర్చుకోవాలా?

మొదట్లోనూ చివర్లోనూ అనవసరమైన సెకన్లు కత్తిరించడం వస్తే చాలు. మాట తడబడితే రెండు సెకన్లు మౌనంగా ఉండి ఆ వాక్యం మళ్లీ చెప్పండి, తర్వాత కత్తిరించాలనుకుంటే ఆ మౌనం గుర్తుగా పనికొస్తుంది. అయిదు నిమిషాల వీడియోకి రెండు గంటల ఎడిటింగ్ పెట్టేవాళ్లు నెల తిరిగేసరికి ఈ పనే మానేయడం చూశాను, అలా కావద్దు.

ఫైల్ చాలా పెద్దదిగా వస్తోంది, పంపలేకపోతున్నాం

సెకనుకి 2.5 మెగాబిట్ల బిట్‌రేట్‌తో (ఒక్కో సెకను వీడియోకి పట్టే డేటా) తీస్తే అయిదు నిమిషాలకి సుమారు 94 ఎంబీ అవుతుంది. పాఠాల తెర పెద్దగా కదలదు కాబట్టి 720పీలో ఒక మెగాబిట్‌తో తీసినా అక్షరాలు బాగానే ఉంటాయి, అప్పుడు 38 ఎంబీ లోపే. ఇప్పటికే తీసిన ఫైళ్లని హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తగ్గించుకోవచ్చు. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది మళ్లీ కుదించేసి అక్షరాలు అలుక్కుపోతాయి, డాక్యుమెంట్‌గా పంపండి. డేటా తక్కువ ఉన్న పిల్లలు క్లాసులోనే పెన్ డ్రైవ్ నుంచి కాపీ చేసుకునే వీలు కల్పించండి, వీడియో చూడలేనివాళ్లు వెనకబడిపోయేలా చేస్తే మనం చేసిన పనికి అర్థం లేదు.

చూడకుండానే చూశామని చెబితే ఎలా తెలుస్తుంది?

వీడియో మధ్యలో ఆపి ఒక ప్రశ్న వేయండి, "ఇక్కడ ఆపి, తర్వాతి మెట్టు నోట్స్‌లో రాసి, అప్పుడు మళ్లీ నడపండి" అని. మర్నాడు క్లాసు మొదట్లో ఆ నోట్స్ చూస్తే చాలు. చూడనివాళ్లని తిట్టి లాభం లేదు, వెనక కూర్చోబెట్టి ఇయర్‌ఫోన్స్‌తో అప్పుడే చూడనివ్వండి. నాలుగు నిమిషాల వీడియో చేసుకోవడంలో ఉన్న సుఖం ఇదే.

పిల్లల చేత రికార్డ్ చేయించవచ్చా?

తప్పకుండా చేయించండి. నా దృష్టిలో టీచర్ తీసే పది వీడియోల కన్నా పిల్లవాడు తీసే ఒక్కటి ఎక్కువ చెబుతుంది.

ఒక ఉదాహరణ. 16/64ని సూక్ష్మీకరించమంటే ఒకరు పైన ఉన్న 6నీ, కింద ఉన్న 6నీ కొట్టేసి 1/4 అని రాశారనుకోండి. జవాబు సరైనదే, కాగితం మీద రైట్ కొట్టేస్తాం. అదే పని చేస్తూ "6, 6 పోయాయి, 1/4 మిగిలింది" అని గొంతుతో చెప్పడం వింటే గుండె జారుతుంది, మరి 13/34లో 3లు కొట్టేస్తే 1/4 వస్తుందా? ఆ తప్పు ఆలోచన కాగితం మీద ఎప్పటికీ బయటపడదు. ప్రోగ్రామింగ్‌లోనూ అంతే, పని చేస్తున్న కోడ్ చూస్తే ఎవరు రాసినా ఒకేలా ఉంటుంది, ఎర్రర్ వచ్చినప్పుడు ఆ మెసేజ్ చదివారా, లేక తోచిన లైన్ మార్చుకుంటూ పోయారా అన్నది రికార్డింగ్‌లోనే తెలుస్తుంది.

నేను ఇచ్చే పని ఇలా ఉంటుంది. ఒక్క లెక్క, రెండు నిమిషాలు, ప్రతి మెట్టు దగ్గరా "ఎందుకంటే" అన్న మాట రావాలి. అందంగా ఉండక్కర్లేదు, మళ్లీ తీయక్కర్లేదు, తప్పు వస్తే అందులోనే దిద్దుకోవచ్చు. మార్కులు లేవని ముందే చెబుతాను, లేకపోతే ఎవరో చెప్పించింది బట్టీ పట్టి వినిపిస్తారు. క్లాసులో నోరు విప్పని పిల్లలు ఒంటరిగా తెర ముందు ఎంత చక్కగా వివరిస్తారో మొదటిసారి విన్నప్పుడు, ఇన్నాళ్లూ వీళ్లకి రాదనుకున్నానే అని నాకు చాలా బాధేసింది.

అందరివీ వినడం కుదరదు, 30 మందివి రెండేసి నిమిషాలంటే ఒక గంట. వారానికి ఆరుగురివి చొప్పున వినండి, నెల పైన అందరివీ అయిపోతాయి. మిగతావి జతలుగా ఒకరివి ఒకరు విని ఒక ప్రశ్న రాయమనండి. ఇంట్లో పరికరం లేనివాళ్లకి స్కూల్ కంప్యూటర్ దగ్గర సమయం ఇవ్వాలి, ఇది ముందే చూసుకోండి.

వ్యాసాలు దిద్దడానికి ఎలా వాడతారు?

పిల్లల వ్యాసం తెర మీద తెరిచి, కిందికి జరుపుతూ మాట్లాడతాను, మూడు నిమిషాలు. ఎర్ర సిరాతో "అస్పష్టంగా ఉంది" అని రాస్తే మందలించినట్టు ఉంటుంది, అదే నోటితో "ఇక్కడ నాకు దారి తప్పింది, ముందు వాక్యంలో వానల గురించి చెప్పి ఒక్కసారిగా కాలువలకి వెళ్లిపోయావు" అంటే ఒక పాఠకుడు చదువుతూ ఏమనుకున్నాడో తెలుస్తుంది. అన్ని తప్పులూ చెప్పకండి, రెండు చాలు. ఎవరి వీడియో వాళ్లకే పంపాలి, గ్రూపులో ఎప్పుడూ పెట్టకూడదు.

రికార్డ్ చేసేటప్పుడు ఏం కనపడకూడదు?

మార్కుల జాబితా, పిల్లల పేర్లు, ఈమెయిల్, సేవ్ అయి ఉన్న పాస్‌వర్డ్‌లు, పక్కన తెరిచి ఉన్న ట్యాబ్‌లు. నోటిఫికేషన్లు ఆపేయండి, ఫోన్‌లో తీస్తుంటే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. వీలైతే రికార్డింగ్ కోసమే కంప్యూటర్‌లో వేరే యూజర్ అకౌంట్ పెట్టుకోండి, అప్పుడు ఈ కంగారే ఉండదు. ఆన్‌లైన్ క్లాసుని రికార్డ్ చేస్తే పిల్లల మొహాలు, గొంతులు, కొన్నిసార్లు వాళ్ల ఇల్లు కూడా వచ్చేస్తాయి, కాబట్టి తల్లిదండ్రులకీ పిల్లలకీ ముందే చెప్పి ఒప్పుకున్నాకే చేయాలి. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ అని పెట్టినా లింకు ఉన్న ఎవరైనా చూడగలరు, పిల్లలు కనిపించే వీడియోలకి అది చాలదు.

సినిమా ముక్క రికార్డ్ చేస్తే నల్లగా వస్తోంది, ఎందుకు?

సినిమాలు చూపించే చాలా యాప్‌లలో కాపీ కాకుండా రక్షణ ఉంటుంది, ఆ భాగం నల్లగా వస్తుంది. దాన్ని దాటే దారులు వెతకొద్దు, ఏ నిమిషం దగ్గర చూడాలో చెప్పి లింకు ఇవ్వండి.

వినికిడి, చూపు సమస్యలు ఉన్న పిల్లలకి?

సబ్‌టైటిల్స్ పెట్టండి. ఆటోమేటిక్‌గా వచ్చేవాటిని దిద్దకుండా వదలొద్దు, పాఠంలోని ముఖ్యమైన పదాలే అవి ఎక్కువగా తప్పు రాస్తాయి. చూపు తక్కువ ఉన్నవాళ్ల కోసం మీ మాట మార్చుకోవాలి. "ఇక్కడ నొక్కి, దీన్ని ఇటు లాగండి" అంటే తెర కనపడనివాళ్లకి ఏమీ అందదు, "పైన ఎడమ వైపు ఫైల్ మెనూ తెరిచి, సేవ్ యాజ్ నొక్కండి" అనండి. "ఎర్ర గీత చూడండి" అనే బదులు "పైకి వెళ్తున్న ఎర్ర గీత" అంటే రంగులు తేడా తెలియనివాళ్లకీ దొరుకుతుంది. ఈ అలవాటు వచ్చాక మిగతా పిల్లల నుంచి కూడా సందేహాలు తగ్గాయి.

పాత వీడియోల్ని ఏం చేయాలి?

సాఫ్ట్‌వేర్ మెనూలు మారిపోతూ ఉంటాయి, వీడియోలో ఉన్న బటన్ తెర మీద లేకపోతే పిల్లలు తమదే తప్పనుకుంటారు. అందుకే ఏడాదికోసారి అన్నీ ఒక్కసారి నడిపి చూడండి, మారినవి మళ్లీ తీయండి, చిన్నవి కాబట్టి పెద్ద పని అనిపించదు. లెక్కల వీడియోలు చాలాకాలం నిలుస్తాయి. ఫైల్ పేరులో తరగతి, విషయం, తీసిన నెల ఉండేలా చూసుకోండి, "కొత్తది 2 ఫైనల్" అని పెడితే ఆర్నెల్ల తర్వాత మీకే దొరకదు. మీ గొంతు ఉన్న అసలు ఫైళ్లు ఇంకో చోట కూడా దాచండి, ఒక్క యాప్‌ని నమ్ముకుని అక్కడే వదిలేయకండి.